ప్లగ్గు తీసిన తరువాత పలుకని కంప్యూటరు

తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో ఈశాన్య ఋతుపవనము ప్రవేశించినది మొదలు ప్రతి యింటను ఒక అలవాటు కనబడును. శేషాచలముపై మబ్బు కమ్మి తొలి యురుము వినబడగనే ఇంటిలో ఎవరో ఒకరు లేచి టెలివిజను ప్లగ్గు, ఫ్రిజ్ ప్లగ్గు, కంప్యూటరు ప్లగ్గు వరుసగా పీకివేయుదురు. ఇది మంచి అలవాటే. 2018 ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనవి. ఇట్టి సీమలో ప్లగ్గు పీకువానిని పిరికివాడనుట తగదు. చిక్కు తరువాత వచ్చును. వాన వెలియును, ప్లగ్గులు మరల పెట్టుదురు. ఫ్రిజ్ పలుకును, టెలివిజను పలుకును. నిన్నటివరకు చక్కగా నడచిన డెస్క్‌టాప్ కంప్యూటరు మాత్రము ఎన్నిమారులు మీట నొక్కినను పలుకదు. "ప్లగ్గు పీకుటచేత చెడినది" అని ఇంటివారు నిశ్చయింతురు. పీకినవారిపై నింద పడును.

మా యింటను ఇదే జరిగినది. 2021 నవంబరు 18వ తేదీన తిరుపతిలో కురిసిన వాన మన పాఠకులలో చాలమందికి జ్ఞాపకముండును. కొండమీది నీరు కపిలతీర్థముకడ ఉగ్రరూపము దాల్చి దూకెను. పల్లపు వీధులు ఏరులైనవి. మా వాకిటిలోనికి నీరు రాగా కంప్యూటరు తీగలన్నియు ఊడబెరికి, పెట్టెను మిద్దెమీది గదిలోనికి మోసితిమి. తొమ్మిది దినముల తరువాత క్రిందికి దింపి, తీగలు తగిలించి, మీట నొక్కితిమి. చప్పుడు లేదు, వెలుతురు లేదు. పెట్టెకు ఒక్క నీటిబొట్టు కూడ తగులలేదని మేము ప్రమాణము చేయగలము.

పిలిపించగా వచ్చిన మరమ్మతుదారు పెట్టెను అటునిటు త్రిప్పి చూచి, "మదర్‌బోర్డు పోయినదండీ, క్రొత్తది వేసి, హార్డ్ డిస్కు ఫార్మాట్ చేసి ఇచ్చెదను" అనెను. మదర్‌బోర్డు పోయినందుకు మేము అంతగా చింతింపలేదు. ఫార్మాట్ అను మాట వినగనే గుండె జల్లుమన్నది. మా తల్లిగారు కన్నుమూయుటకు ముందు మూడేండ్లపాటు, తీరికగా నున్న సాయంకాలములలో ఆమె పాడిన జోలపాటలను, చెప్పిన కథలను మేము ధ్వనిముద్రణ చేసి ఆ డిస్కులో దాచియుంటిమి. ఊరివారి గొంతులెన్నిటినో కార్యాలయములో మూడు నాలుగు ప్రతులుగా భద్రపరచు మేము, ఇంటిలోని యీ గొంతును ఒక్క ప్రతిగానే యుంచితిమి. ఇందులకు సమాధానము మాకడ లేదు. డిస్కు ముట్టవలదని చెప్పి అతనిని సాగనంపితిమి.

తరువాత జరిగినది చెప్పుటకు ముందు ఈ యంత్రము నిద్రించు తీరు కొంత తెలిసికొనవలెను. పాతకాలపు వాల్వు రేడియో మన పెద్దలకు తెలియును. దాని మీట త్రిప్పగనే టక్కుమని చప్పుడగును. ఆ చప్పుడుతో విద్యుత్తు నిజముగా తెగిపోవును. తొలినాటి డెస్క్‌టాప్ కంప్యూటర్ల మీటయు అట్టిదే. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను క్రొత్త అమరికను ప్రకటించిన తరువాత పద్ధతి మారినది. ఇప్పుడు పెట్టె ముందుభాగమున మనము నొక్కు గుండీ విద్యుత్తును కలుపదు, తెంపదు. "మేలుకొనవలెను" అని మదర్‌బోర్డుకు ఒక సంకేతము పంపును, అంతియే. ఆ సంకేతమును ఆలకించుటకు లోపల ఒకరు మేలుకొని యుండవలెను గదా! అందుకొరకు ఎస్సెంపీఎస్ అను విద్యుత్తు పెట్టెలో ఒక చిన్న భాగము, ప్లగ్గు పెట్టియున్నంతకాలము రేయింబవళ్ళు పనిచేయుచు 5 వోల్టుల విద్యుత్తును మదర్‌బోర్డుకు అందించుచుండును. కంప్యూటరు ఆర్పిన తరువాత కూడ వెనుకవైపు ఇంటర్నెట్ తీగ పెట్టుచోట చిన్న దీపము మినుకుమనుచుండుట మీరు చూచియుందురు. అది ఈ కావలివాని దీపము.

కావున గోడ ప్లగ్గు పీకువరకు ఈ యంత్రము నిజముగా ఆరిపోలేదు. ఏండ్ల తరబడి అరకన్ను తెరచి నిద్రించినదానిని మొదటిసారి పూర్తిగా పడుకొనబెట్టితిమి. తిరిగి లేవవలసినప్పుడు, ఇన్నాళ్ళు లోపల మెల్లగా క్షీణించుచు బయటపడని బలహీనతలు ఒక్కమారుగా బయటపడుచున్నవి. ప్లగ్గు పీకుట సాధారణముగా ఏమియు చెడగొట్టదు. అంతకుముందే చెడియున్నదానిని చూపును.

ఆ బలహీనతలలో రెండు ముఖ్యమైనవి. మొదటిది పైన చెప్పిన కావలి భాగములోని కెపాసిటర్లు. ఇవి చిన్న డబ్బాల వలె నుండి, లోపల తడి రసాయనముతో నిండియుండును. పాత రేడియోలు ముదిరిన కొలది గుయ్యిమని హోరు పెట్టుట వీని చలువయే. ఆ తడి ఆరిపోయిన కొలది పనితనము తగ్గును. కంప్యూటరులో ఆ భాగము ఏండ్లకొలది వెచ్చగా నడచుచుండుటచేత ఎండిపోవుట త్వరితమగును. నడచుచున్నంతసేపు వెచ్చదనము వలన ఎట్లో నెట్టుకొనివచ్చును. ఒక్కమారు ఆరి చల్లబడినచో తిరిగి మొదలుపెట్టు శక్తి దానికి చాలదు. ముసలియెద్దు నడచుచున్నంతసేపు బండి లాగును, పండుకొన్నచో లేవలేదు, ఇదియు అట్టిదే. ప్లగ్గు పెట్టి పావుగంట ఊరకుంచిన తరువాత యంత్రము తనంత తానే లేచుట, ఫ్యాను ఒక్కక్షణము తిరిగి ఆగిపోవుట, పదిమారులు నొక్కినగాని కదలకుండుట దీని గురుతులు. 2000వ సంవత్సరము తరువాత కొన్నియేండ్లపాటు తయారైన మదర్‌బోర్డులలోను, ఎస్సెంపీఎస్‌లలోను నాసి కెపాసిటర్లు పడి, తలలుబ్బి పగిలిపోయిన వైనము ప్రపంచమంతట ప్రసిద్ధము. దీనికి చికిత్స ఎస్సెంపీఎస్ మార్చుటయే. దాని మూత మాత్రము ఎవరును విప్పరాదు. మన యింటి 230 వోల్టుల విద్యుత్తు లోపలికి పోయి ఇంచుమించు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా నిలువయుండును. ప్లగ్గు పీకిన తరువాత కూడ కొంతసేపు అక్కడనే కాచుకొని యుండును.

రెండవది, రూపాయి నాణెమును పోలిన ఒక చిన్న బ్యాటరీ. మన దుకాణములలో దీనిని సీమాస్ బ్యాటరీ అందురు. పైన సీఆర్2032 అని చెక్కియుండును. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందము. ఆ అంకెల యర్థము అదియే. 1981లో వచ్చిన ఐబీఎం వారి పర్సనల్ కంప్యూటరు తెరచినప్పుడెల్ల తేదీ ఎంత, వేళ ఎంత అని యజమానినే అడుగుచుండెను. 1984లో వారి ఏటీ నమూనాతో గడియారమును, యంత్రపు అమరికలను గుర్తుంచుకొను చిన్న జ్ఞాపకమును, వానిని బ్రతికించుటకు ఒక బ్యాటరీయు వచ్చిచేరినవి. నేటికిని ఆ యేర్పాటే సాగుచున్నది. ప్లగ్గు పెట్టియున్నంతకాలము గడియారమునకు తిండి గోడనుండియే అందును, బ్యాటరీ ఉపవాసముండును. కావున అది చచ్చినను ఎవరికిని తెలియదు. ప్లగ్గు తీసిన మరుక్షణము భారమంతయు దానిపై పడును. అది లేనిచో యంత్రము తన తేదీని, తన అమరికలను మరచి, కర్మాగారమునుండి వచ్చినప్పటి స్థితికి పోవును.

ఇప్పుడు మా యింటి సంగతికి వత్తము. మరునాడు మా సాంకేతిక విభాగపు మిత్రులొకరు వచ్చిరి. వారు పెట్టెను ముట్టకయే ముందుగా గోడ ప్లగ్గులో మా రేడియోను పెట్టి చూచిరి. రేడియో పాడినది. పిదప కంప్యూటరుకు విద్యుత్తు నిచ్చు యూపీఎస్‌ను తప్పించి, తీగను తిన్నగా గోడకు తగిలించిరి. మీట నొక్కగనే ఫ్యాను తిరిగెను! తొమ్మిది దినములు ఛార్జి లేక పడియున్న యూపీఎస్ లోని 12 వోల్టుల సీసపు బ్యాటరీ, మొదటే ముసలిది, పూర్తిగా చచ్చినది. ఆ యూపీఎస్ బ్యాటరీ బ్రతికియున్నగాని మేలుకొనని జాతిది. ఈ సీసపు బ్యాటరీలు తయారగు పెద్ద కర్మాగారము మనకు కూతవేటు దూరమున కరకంబాడిలోనే యున్నను, మూడు నాలుగేండ్లకొకమారు మార్చవలెనను జ్ఞానము మనకుండదు.

ఫ్యాను తిరిగినదే గాని కథ ముగియలేదు. నల్లని తెరపై తేదీ తప్పియున్నదని, ముందుకు పోవలెనన్న ఎఫ్1 నొక్కవలెనని ఆంగ్లములో అక్షరములు వచ్చినవి. నొక్కగా విండోస్ మొదలగుచు సగములో నీలితెర చూపి మరల మొదటికి వచ్చుచుండెను. ఇచ్చటనే చాలమంది మోసపోవుదురు. నీలితెర చూడగనే డిస్కు పోయినదని, విండోస్ చెడినదని తలచి, ఫార్మాట్ చేయించి, ఇరువది యేండ్ల ఛాయాచిత్రములను చేతులార తుడిచివేయుదురు. నిజమునకు డిస్కులో ఒక్క అక్షరము చెడియుండదు. మా యంత్రము 2010 నాటిది. దాని మదర్‌బోర్డు డిస్కుతో మాటలాడుటకు ఐడీఈ అని ఒకటి, ఏహెచ్‌సీఐ అని ఒకటి, రెండు పద్ధతులుండెను. విండోస్ నెక్కించిన నాడు రెండవ పద్ధతి యుండెను. చిన్న బ్యాటరీ చావగా యంత్రము తొలిపాఠమగు మొదటి పద్ధతికి మరలినది. తమిళము మాటలాడు ఇంటిలో అకస్మాత్తుగా కన్నడము మాటలాడినట్లయినది. చిత్తూరువారికి ఈ చిక్కు విడమరచి చెప్పనక్కరలేదు. మిత్రులు ప్లగ్గు తీసి, పెట్టె ప్రక్క రేకు విప్పి, క్రొత్త నాణెపు బ్యాటరీ వేసి, బయోస్ అను అమరికల పుటలోనికి పోయి, తేదీని సరిదిద్ది, ఏహెచ్‌సీఐని ఎన్నుకొని, మొదట హార్డ్ డిస్కునే చూడవలెనని ఆజ్ఞ పెట్టిరి. విండోస్ వచ్చినది. అమ్మ గొంతు ఉన్నచోటనే యున్నది. ఆ బ్యాటరీ వెల రెండు కప్పుల కాఫీకి మించలేదు.

తేదీ తప్పుటవలన మరియొక వింత కూడ కలుగును. యంత్రము తెరచుకొన్నను రైలు టిక్కెట్ల పుటగాని, బ్యాంకు పుటగాని, శ్రీవారి దర్శనపు టిక్కెట్ల పుటగాని తెరచుకొనదు. "ఈ చోటు సురక్షితము కాదు" అని హెచ్చరిక వచ్చును. ప్రతి పుటకును ఇన్నినాటినుండి ఇన్నినాటివరకు చెల్లునని ఒక ధ్రువపత్రముండును. మీ యంత్రము తాను 2010 జనవరిలో నున్నట్లు తలచునేని, ఆ పత్రము దానికి ఇంకను పుట్టని బిడ్డ. ఇంటర్నెట్ వారితో పోట్లాడుటకు ముందు తెర మూలనున్న తేదీని చూడుడు.

మా మిత్రులు నడచిన దారినే మీరును నడువవచ్చును: గోడనుండి మొదలుపెట్టి లోపలికి పోవలెను. గోడ ప్లగ్గులో రేడియోయో బల్లదీపమో వెలుగుచున్నదా? ఎక్స్‌టెన్షన్ బోర్డు మీట వేసియున్నదా? పెట్టె వెనుక ఎస్సెంపీఎస్‌పై ఒక చిన్న మీట యుండును. గీత యున్న ప్రక్క నొక్కియుండవలెను, సున్న యున్న ప్రక్క కాదు. పెట్టెను మోయునప్పుడు చేయి తగిలి ఇది ఆరిపోవుట మేము లెక్కలేనన్ని మారులు చూచితిమి. ఈ ఒక్క మీట వేసి, మరమ్మతు చేసితినని సొమ్ము పుచ్చుకొన్నవారును కలరు. కొన్ని పాత ఎస్సెంపీఎస్‌లపై 115, 230 అని చెక్కిన ఎర్రని మీట యుండును. అది 230 పైననే యుండవలెను. పిల్లలు ఆటలాడి 115 వైపు త్రోసిన పిమ్మట ప్లగ్గు పెట్టినచో పెద్ద చప్పుడుతో ప్రేలును.

ఇవన్నియు సరిగానున్నను పలుకకున్నచో ప్లగ్గు తీసివేసి, ముందు గుండీని పదునైదు ఇరువది సెకండ్లు నొక్కిపట్టి, అయిదు నిమిషములాగి, మరల ప్లగ్గు పెట్టుడు. చూచుటకిది మంత్రమువలె నుండును గాని కారణము కలదు. విద్యుత్తు వచ్చుచు పోవుచు ఎగిరిపడినప్పుడు ఎస్సెంపీఎస్ తన్ను తాను కాపాడుకొనుటకై తాళము వేసికొనును. కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు పూర్తిగా ఖాళీ యైనగాని ఆ తాళము ఊడదు. గుండీ నొక్కిపట్టుట ఆ మిగులును త్రాగించుటకే.

ఫ్యాను తిరుగుచు తెర మాత్రము నల్లగా నున్నయెడల, తీగ పెట్టిన తావును చూడుడు. వేరుగా గ్రాఫిక్స్ కార్డున్న యంత్రములలో వెనుకవైపు మానిటరు తీగ పట్టు తావులు రెండుచోట్ల నుండును. సాధారణముగా కార్డున కున్నదానికే పెట్టవలెను. మదర్‌బోర్డు దానికి పెట్టినచో మంచి యంత్రమును చచ్చినదనుకొందుము. తీగ సరియైనను తెర రానిచో ర్యామ్ పలకలను తీసి, వాని బంగారు పండ్లను పిల్లల పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, టిక్కుమనునట్లు మరల కూర్చుట మన వీధి మరమ్మతుదారుల పాత చిట్కా, పలుమారులు ఫలించును. ఈ పనికి ముందు ప్లగ్గు తప్పక తీసియుండవలెను. పెట్టె ఇనుమును ఒకమారు ముట్టి, ఒంటిలోని స్థిరవిద్యుత్తును వదలించుకొనవలెను.

నిజముగా పిడుగు దెబ్బ తగిలిన సందర్భము వేరు. ప్లగ్గు పీకినను ఇంటర్నెట్ తీగను మరచినవారు చాలమంది కలరు. పిడుగుపాటు విద్యుత్తు స్తంభమువెంటనే రావలెనను నియమము లేదు. ఇంటర్నెట్ తీగవెంటను వచ్చును. అట్లు వచ్చినప్పుడు వెనుకనున్న ఆ తీగ తావు మాడుట, కమురు వాసన, మోడెము కూడ అదే వేళకు చచ్చుట కనబడును. ఇట్టిచోట నాణెపు బ్యాటరీ మార్చి ప్రయోజనము లేదు. అప్పుడును డిస్కు మిగిలియుండవచ్చును. దానిని ఊడదీసి మరియొక యంత్రమునకు తగిలించి చూచువరకు ఎవరి మాటపైనను ఫార్మాట్‌కు ఒప్పుకొనరాదు.

గడియారము దినదినము వెనుకబడుచున్నచో చిన్న బ్యాటరీ చావునకు సిద్ధముగా నున్నదని గ్రహించి, యంత్రము బాగుగా నున్నప్పుడే బయోస్ పుటలను చేతిలోని ఫోనుతో ఛాయాచిత్రము తీసి యుంచుకొనుడు. తీగలు పీకుటకు ముందు వెనుకభాగమునకు కూడ ఒకటి. మీటరుతో కొలిచినప్పుడు క్రొత్త బ్యాటరీ 3 వోల్టులకు పైన చూపును, 2.7కు దిగినదానిని మార్చుట మేలు. ఇటీవలి యంత్రములలో డిస్కుకు బిట్‌లాకర్ తాళము వేసియుండవచ్చును. అమరికలు మారగనే అది 48 అంకెల తాళపుచెవి నడుగును. ఆ అంకెలు ఎక్కడ దాచితిరో ఇప్పుడే చూచుకొనుడు. తీసిన పాత నాణెపు బ్యాటరీని బల్లపై వదలరాదు. పసిపిల్లలు మ్రింగినచో రెండు గంటలలోనే అన్నవాహికను తీవ్రముగా కాల్చగలదు. అట్టి అనుమానము కలిగిన క్షణమే ఆసుపత్రికి పరుగెత్తవలెను.

మా యంత్రము ఆ తరువాతనే ఎస్సెంపీఎస్ కూడ మార్పించుకొన్నది; మొదటి యనుమానము పూర్తిగా తప్పు కాలేదన్నమాట. క్రొత్త నాణెపు బ్యాటరీ వేసిన తేదీని చిన్న కాగితముపై వ్రాసి పెట్టె లోపలిప్రక్క అంటించితిమి. అమ్మ పాటల ప్రతి ఒకటి ఇప్పుడు మా బీరువాలో వేరు డిస్కున నున్నది. మరియొకటి చిత్తూరులో మా అక్కగారింట, ఉప్పు జాడీ ప్రక్కన, బియ్యపు డబ్బా వెనుక నున్నది. అక్కడ ఎందుకు పెట్టితివని అడుగగా, "వాన వచ్చినప్పుడు నేను మొదట పట్టుకొని పరుగెత్తునది ఆ డబ్బానే గదరా" అని ఆమె అనిరి.